బూడిదపెట్ట తిరిగొచ్చిన వారం

పొద్దున్న ఐదున్నరకి కన్నమ్మ కోళ్లగూడు తలుపు తీస్తుంది. తలుపంటే ఒక రేకుముక్క, దానికి ఆనించిన రాయి. రాయి జరిపిన చప్పుడుకే లోపల కదలిక మొదలవుతుంది. ముందు పుంజు వస్తుంది. గుమ్మంలో ఆగి, మెడ చాచి, ఒక కన్ను ఆకాశం మీద వేసి, అప్పుడు దిగుతుంది. దాని వెనక డేగపెట్ట, ఎర్రది. దాని వెనక కాకిపెట్ట. తరువాత వీధిలో బండిమీద అమ్మకానికి వచ్చినప్పుడు కొన్న మూడు బండికోళ్లు, రెండు పెట్టలూ ఒక పుంజుపిల్లా. ఆఖరున బోడిమెడది. ఈ వరస రోజూ ఇంతే. ఎవరూ నేర్పలేదు. ఎవరూ తప్పరు.

కన్నమ్మ నూకలు రెండుసార్లు చల్లుతుంది. మొదటి పిడికెడు గూడు ముందు. అది పైవాటికి. రెండోది కాస్త దూరంగా, నీళ్ల డ్రమ్ము పక్కన. అది బోడిమెడదానికి. అది అక్కడికి పరుగెత్తి నాలుగు గింజలు తినేలోగా మిగతావి వచ్చేస్తాయి. నాలుగు గింజలు చాలు దానికి. మళ్లీ పెంటకుప్ప ఎలాగూ ఉంది.

కన్నమ్మకి నలభయ్యారేళ్లు. మందసకీ సముద్రానికీ మధ్య ఉద్దానం తోటల్లో ఆమె ఊరు. అరెకరం జీడితోట, పన్నెండు కొబ్బరిచెట్లు. భర్త తవిటయ్య ఊళ్లోవాళ్ల చెట్లెక్కి కాయలు దింపుతాడు. కన్నమ్మ ఆరున్నరకి షేర్ ఆటో ఎక్కి కాశీబుగ్గ వెళ్తుంది. అక్కడ ఒక జీడిపప్పు బట్టీలో పప్పుమీద పొట్టు తీస్తుంది. పంతొమ్మిదేళ్లుగా అదే పని. చాకు కంటే బొటనవేలి గోరే ఆమెకి బాగా మాట వింటుంది. సాయంత్రం ఆరుకి ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, ముందు పెరట్లోకి పోతుంది. కోళ్లని లెక్కపెట్టదు. చూస్తుంది. చూస్తే తెలుస్తుంది.

ఆ మందలో నాలుగు నెలలుగా ఒక పెట్ట లేదు. బూడిదపెట్ట.

తిత్లీ తుఫానప్పుడు కొబ్బరిచెట్టు పడి పాత గూడు నుజ్జయింది. పదకొండు కోళ్లు పోయాయి. మూడో రోజు, విరిగిపడిన జీడికొమ్మల కింద నుంచి ఒక పెట్ట తడిసిన ఈకలతో నడిచి వచ్చింది. కన్నమ్మ తల్లి, బతికున్నప్పుడు, చీరకొంగులో పెట్టుకుని తెచ్చి ఇచ్చిన కోడి అది. దాని కూతురే బూడిదపెట్ట. కన్నమ్మ పెరట్లో గుడ్ల మీద కూర్చుని పిల్లల్ని లేపేది ఇదొక్కటే. బండికోళ్లు గుడ్డు పెట్టి అటువైపు తిరిగి చూడవు. డేగపెట్ట కూర్చుంటుంది కానీ పదకొండో రోజుకి విసుగొచ్చి లేచిపోతుంది. బూడిదపెట్ట అలా కాదు. ఇరవై ఒక్క రోజులూ కదలదు. రోజుకొక్కసారి లేచి, నీళ్లు తాగి, ఒంటిమీద ఇంత ఇసక పోసుకుని, మళ్లీ వచ్చి కూర్చుంటుంది. అది పోతే ఆ తల్లి వరస అక్కడితో సరి. తరువాత ప్రతి కోడినీ బండిమీదే కొనుక్కోవాలి.

అటువంటి పెట్టని ఆమె నీలమ్మకి పాలికిచ్చింది. నీలమ్మ సముద్రపొడ్డు ఊరి మనిషి. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని రోజు విడిచి రోజు ఈ తోటల్లోకి వస్తుంది. కన్నమ్మని అక్క వరసలో అప్పా అంటుంది. గుడ్లు నీలమ్మవి, పొదిగే పెట్ట కన్నమ్మది, లేచిన పిల్లలు చెరిసగం. పిల్లలు పెద్దయ్యాక పెట్ట తిరిగి రావాలి. ఈ ఊళ్లకీ ఆ ఊళ్లకీ మధ్య ఇటువంటి ఇచ్చిపుచ్చుకోవడం మామూలే.

ఒక ఆదివారం పదింటికి నీలమ్మ వచ్చింది. తట్టలో చేపలు లేవు. పైన పాత వల కప్పి ఉంది.

"అప్పా, నీ కూతుర్ని అత్తోరింటికాడ నుంచి తెచ్చీసినాను. ఒట్టిసేతుల్తో కాదు, సారె కూడా తెచ్చినాను, సూడు."

వల తీసింది. బూడిదపెట్ట, దాని పక్కన పావురాలంత మూడు పిల్లలు.

"ఎన్ని లేచినాయే?"

"ఏడు. ఒకటి గద్ద వాటా. మూడు నీకు, మూడు నాకు. గద్దనడిగి ఆ సగం కూడా తెమ్మంటావేటి?"

కన్నమ్మ నవ్వింది. పెట్టని రెండు చేతులా ఎత్తుకుంది. బరువు తగ్గలేదు. ఎండుచేపల వాసన వేసింది.

"ఇప్పుడే ఒగ్గీకప్పా. గంపకింద మూసీ. మాపుటేల సీకటి పడ్డాక గూట్లో ఎట్టీ."

"దీని ఇల్లు దీనికి కొత్తేటే? ఈ పెరట్లోనే పుట్టినాది."

కన్నమ్మ చేసిన మొదటి తప్పు అది. పెట్టని నేలమీద దింపింది.

నాలుగు నెలల కింద ఆ పెరట్లో మొదటి పెట్ట బూడిదపెట్టే. పుంజు వెనక అది దిగేది, దాని వెనకే డేగపెట్ట. నూకల దగ్గర అది తల తిప్పితే చాలు, డేగపెట్ట పక్కకి తప్పుకునేది. ఇప్పుడు కూడా తప్పుకుంటుందనే అనుకుంది కాబోలు. నింపాదిగా నడిచి డ్రమ్ము దగ్గరికి వెళ్లి నీళ్లు తాగబోయింది.

డేగపెట్ట మెడ ఈకలు విచ్చాయి. రెండూ ఎదురెదురుగా నిలబడ్డాయి, తలలు ఒకే ఎత్తులో. బూడిదపెట్ట వెనక్కి తగ్గలేదు. తగ్గి ఉంటే అంతటితో పోయేదేమో. డేగపెట్ట ఎగిరి తన్నింది. కాకిపెట్ట వచ్చింది. బండికోళ్లు వచ్చాయి. పుంజు ఒక రెక్క దించి చుట్టూ రెండడుగులు వేసి, ఇది తన సంగతి కాదన్నట్టు వెళ్లిపోయింది. ఆఖరున బోడిమెడది కూడా పరుగెత్తుకొచ్చి ఒక పోటు పొడిచింది. దానికి ఒకరిని పొడిచే వీలు దొరకడం అదే మొదలు.

పిల్లల్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. అవి కట్టెల మోపు కిందికి దూరిపోయాయి.

అరుగు మీద ఫోన్ చూసుకుంటున్న తవిటయ్య తలెత్తాడు.

"ఏటలగ సేత్తన్నాయి? ఆధార్ కార్డు సూపించమంటన్నాయేటి?"

"నువ్వు నవ్వకు మావా."

"నాను నవ్వలేదే. అడుగుతన్నాను."

నీలమ్మ కూడా నవ్వలేదు. "సెప్పినాను కదప్పా" అంది. పాత వల అరుగు మీద మడతపెట్టి, తట్ట తీసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం చీకటి పడ్డాక కన్నమ్మ పెట్టని గూట్లో పెట్టింది. తెల్లారి తలుపు తీయగానే మళ్లీ మొదలైంది. ముందురోజు పోట్లాట అవి మరిచిపోలేదు. ఆటో హారన్ కొడుతోంది. కన్నమ్మ పెట్టని కట్టెల మోపు వైపు తరిమి, పనికి వెళ్లింది.

బట్టీలో ఆ రోజు ఆమె పప్పు ఎక్కువ విరిగింది.

ఆమెకి పోయిన ఏడాది కామెర్లు వచ్చి రెండు నెలలు పనికి వెళ్లలేదు. తిరిగి వెళ్లేసరికి కిటికీ పక్క తన పీట మీద బిందుమాధవి అనే కొత్త మనిషి కూర్చుని ఉంది. మాట్లాడుకుంటున్నవాళ్లు ఆగారు, అంతే. కన్నమ్మ తలుపు దగ్గర, డబ్బాల పక్కన చోటు చూసుకుని కూర్చుంది. మూడోవారంలో పక్కన పొట్టు తీసే మోహిని తన టీగ్లాసు ఆమె వైపు జరిపి, "సక్కెర ఎక్కువైపోనాది, తాగీ" అంది. ఇప్పటికీ కన్నమ్మ తలుపు దగ్గరే కూర్చుంటుంది. అక్కడ గాలి బాగానే వస్తుంది.

సోమవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి బూడిదపెట్ట డ్రమ్ము వెనక, గోడకీ డ్రమ్ముకీ మధ్య సందులో తల దూర్చి నిలబడి ఉంది. తలమీది ఎర్రజుట్టు చివర చీరుకుపోయింది. రక్తం కంటిమీదికి కారి ఎండింది. ఎరుపు కనిపిస్తే కోళ్లు ఆగవని కన్నమ్మకి తెలుసు. ఒకటి పొడుస్తుంది, అది చూసి ఇంకొకటి. గాయం మానేదాకా ఆ ఎరుపు కనపడకుండా చెయ్యాలి.

ఇంట్లో గోడగూట్లో ఒక సీసా ఉంది. జీడితొక్కల చమురు. నల్లగా, చిక్కగా ఉంటుంది. కన్నమ్మ తల్లి మడమలు పగిలితే పుల్లతో అదే రాసుకునేది. మంట పుట్టేది, తరువాత పగుళ్లు పూడేవి. పడవల అడుగున కూడా అదే పూస్తారు. చర్మం మీద పడితే కాలుతుందని ఆ తోటల్లో పసిపిల్లకి కూడా తెలుసు. కన్నమ్మకీ తెలుసు. కానీ మడమకి పనికొచ్చింది కదా అనుకుంది. నల్లది కాబట్టి ఎరుపు కప్పుతుంది అనుకుంది. కొబ్బరినూనెలో ఒక్క బొట్టు కలిపి, పుల్లకి దూది చుట్టి, జుట్టుమీద రాసింది.

అది రెండో తప్పు. పెట్ట కాలెత్తి తల గోక్కుంది. చమురు మొహమంతా పాకింది.

మంగళవారం తెల్లారేసరికి తల వాచింది. ఎడమ కన్ను మూసుకుపోయింది. బుగ్గల మీద చిన్న చిన్న బొబ్బలు. జుట్టు నల్లగా ఒక పక్కకి వాలిపోయింది. కన్నమ్మ కొబ్బరినూనె గుడ్డతో తుడిచింది, మళ్లీ తుడిచింది. తుడిచినంతసేపూ పెట్ట ఆమె ఒళ్లో కదలకుండా కూర్చుంది. గుడ్ల మీద కూర్చున్నట్టే కూర్చుంది. తుడిచాక పసుపు రాసింది. ఇప్పుడది నల్లదీ కాదు, బూడిదదీ కాదు. కోళ్లు ఒకదాన్నొకటి మొహం చూసే గుర్తుపడతాయి. ఆ మొహమే లేకుండా చేసింది తను.

తవిటయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆదివారం మా వరహాలప్ప, బావ వత్తన్నారు. ఫోన్ సేసినారు."

"రానీ."

"కోడి కొయ్యాల కదా."

కన్నమ్మ తుడవడం ఆపలేదు.

"అది మరి మందలో కలవదే. రోజూ ఒకటి పొడవడం, నువ్వు మందు రాయడం. ఇలగుండగానే కోసేత్తే దానికే సుకం. కూర కూడా బాగుంటాది, నాటుది."

"ఆదివారం దాకా ఆగు మావా."

"ఆగితే?"

"ఆదివారం పొద్దున్న గూడు తీద్దుం. అప్పుడు కూడా తరిమితే, నీ ఇట్టం. నానే పట్టి ఇత్తాను."

"మాట?"

"మాట."

తవిటయ్య లేచాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఆ కన్ను తెరుసుకుంటాదా?"

"ఏమో."

బుధవారం ఆమె పనికి వెళ్లలేదు. పదింటికి నీలమ్మ చేపలతో వచ్చి, పెట్టని చూసి తట్ట దించేసింది.

"ఓలమ్మో! ఏటి రాసినావప్పా దీనికి?"

"జీడిసమురు."

"మా ఆయన పడవకి రాత్తాడు. ఇది పడవేటి?"

"తెలీక సేసినాను."

"తెలీకేటి? నీకు తెలీదేటి? నువ్వే జీడిపిక్క నోట్లో ఎట్టుకుని పుట్టినావు."

కన్నమ్మ ఏడవలేదు కానీ మొహం తిప్పుకుంది. నీలమ్మ గొంతు తగ్గించింది.

"సర్లే. మా వల ఉన్నాది కదా ఇక్కడ, అది కట్టు. ఇది ఆటికి కనపడాల, ఆటికి అందకూడదు. మాకాడ మూడు మందలు ఒకే వీదిలో తిరుగుతాయి, మాకిది అలవాటే. నాలుగు రోజులు సూత్తే సూసిన మొకమే అవుతాది."

ఇద్దరూ కలిసి పెరటిగోడ మూలకి నాలుగు జీడికర్రలు పాతి వల కట్టారు. లోపల ఒక చిప్పలో నీళ్లు, ఒక చిప్పలో తవుడు. బూడిదపెట్టని లోపల వదిలారు. మంద వచ్చింది. డేగపెట్ట వల మీదికి రెండుసార్లు ఎగిరింది. ముక్కు వలకన్నులో ఇరుక్కుంది. లాక్కుని, కాసేపు అటూ ఇటూ నడిచి, పెంటకుప్ప వైపు పోయింది.

"ఇంకొకదాన్ని కూడా లోపలెట్టు" అంది నీలమ్మ. "ఒక్కదాన్నే ఉంచితే ఒక్కదిగానే ఉండిపోద్ది. మీవాటిలో అందరికంటే కిందిది ఏది?"

కన్నమ్మ బోడిమెడదాన్ని పట్టుకొచ్చి లోపల పెట్టింది. అది ముందు వల చుట్టూ పరుగెత్తింది. తరువాత బూడిదపెట్ట దగ్గరికొచ్చి మెడ చాచింది, పొడవబోతున్నట్టు. బూడిదపెట్ట ఉన్న ఒక్క కన్నుతో దాని వైపు చూసింది. బోడిమెడది ఆగింది. తవుడు చిప్ప దగ్గరికి పోయింది. దాన్ని అక్కడి నుంచి ఎవరూ తరమలేదు. కడుపునిండా తినడం దానికి కొత్త. తిని తిని, చిప్ప పక్కనే కూలబడింది.

గురువారం పనికి వెళ్లేముందు కన్నమ్మ మందకి వేసే నూకలు వల పక్కనే చల్లింది. లోపలివాటికి లోపల, బయటివాటికి బయట, మధ్యలో వల. డేగపెట్ట మూడుసార్లు తలెత్తి చూసింది. నాలుగోసారి ఎత్తలేదు. నూకలు అయిపోతాయని దాని తొందర.

శుక్రవారం బూడిదపెట్ట కన్ను సగం తెరుచుకుంది. బొబ్బలు ఎండి పొట్టు రాలుతోంది. మధ్యాహ్నం గద్ద వచ్చిందని తవిటయ్య చెప్పాడు. అతను కొబ్బరిచెట్టు మీదున్నాడు.

"పుంజు సూడలేదే. నీ బూడిదే అరిసింది ముందు. వలలోంచి."

"ఏటని అరిసింది?"

"ఏటనేటి? గద్ద వత్తే కోడి అరుత్తాది కదా, అలగే. అన్నీ జీడిసెట్టు కిందికి ఎలిపోనాయి. నీ డేగ కూడా."

ఆ రాత్రి అన్నం దగ్గర కన్నమ్మ అతనికి ఎండుచేప ముక్క ఒకటి ఎక్కువ వేసింది.

శనివారం మాపటేల కోళ్లు గూడెక్కాయి. గూట్లో అడ్డంగా రెండు వెదురుకర్రలు, ఒకటి పైన, ఒకటి కింద. పైకర్ర మీద పుంజు, డేగ, కాకి. కిందకర్ర మీద మిగతావి, అప్పటికే మందలో కలిసిపోయిన మూడు పిల్లలూ. చీకటి పూర్తిగా కమ్మేదాకా కన్నమ్మ గుమ్మంలో కూర్చుంది. లోపల సణుగుడు ఆగాక, ముందు బోడిమెడదాన్ని, దాని పక్కన బూడిదపెట్టని కిందకర్ర చివర, తలుపు వైపు పెట్టింది. బూడిదపెట్ట పాత చోటు పైకర్ర మధ్యలో. కన్నమ్మ ఆ వైపు చెయ్యి తీసుకుపోలేదు. ఏదో కోడి నిద్రలో ఒకసారి కుర్రుమంది. రాయి ఆనించింది.

ఆదివారం ఐదున్నరకి తవిటయ్య ఆమె కంటే ముందే పెరట్లో ఉన్నాడు. చేతిలో కత్తి లేదు. అది అరుగు మీద ఉంది, నూరి.

"తియ్యి" అన్నాడు.

కన్నమ్మ రాయి జరిపింది.

పుంజు ఆగి, ఆకాశం చూసి, దిగింది. డేగపెట్ట. కాకిపెట్ట. బండికోళ్లు మూడు. నీలమ్మ తెచ్చిన పిల్లలు మూడు, ఒకదాన్నొకటి తోసుకుంటూ. తరువాత కాసేపు ఎవరూ లేరు. తరువాత బోడిమెడది. దాని వెనక, అందరికంటే ఆఖరున, బూడిదపెట్ట.

కన్నమ్మ నూకలు చల్లింది. గింజలు ఒకేచోట పడ్డాయి. రెండో పిడికెడు డ్రమ్ము పక్కన చల్లింది. బోడిమెడది పరుగెత్తింది, దానితో బూడిదపెట్ట.

డేగపెట్ట తలెత్తింది. గూడు ముందు గింజలు వదిలేసి డ్రమ్ము వైపు నడిచింది. పరుగు కాదు, నడక. మెడ ఈకలు విచ్చలేదు. బూడిదపెట్ట దగ్గరికొచ్చి, తలమీద ఒక్క పోటు పొడిచింది.

బూడిదపెట్ట తల దించింది. రెండడుగులు పక్కకి వేసింది. అక్కడున్న గింజ ఏరుకుంది.

డేగపెట్ట దాని చోట్లో నిలబడి తినసాగింది. మళ్లీ అటు చూడలేదు. మధ్యలో మూరెడు దూరం కూడా లేదు.

"పొడిసినాదిగా" అన్నాడు తవిటయ్య.

"ఒక్కటే పొడిసినాది."

"ఒక్కటైతే పోటు కాదేటి?"

"పరాయిదాన్నయితే తరుముద్ది మావా. తరిమి తరిమి గోడ దాటిత్తది. ఒక్కటి పొడిసి ఊరుకున్నాదంటే ఇంటిదే."

తవిటయ్య కొంతసేపు చూశాడు. బూడిదపెట్ట ఇంకో గింజ ఏరింది. డేగపెట్ట ఊరుకుంది. కాకిపెట్ట వచ్చి ఒక పోటు పొడిచింది, అదీ ఊరుకుంది. బూడిదపెట్ట రెండుసార్లూ తప్పుకుంది. ఇంతకుముందు దానికి తప్పుకోవడం తెలియదు.

"మొదటిదిగా ఉండీది. ఆఖరికెలిపోనాది" అన్నాడు.

"ఉన్నాది కదా."

తవిటయ్య బండికోళ్లలో పుంజుపిల్లని చూశాడు. దాని వెనక మెల్లగా రెండడుగులు వేశాడు. దానికి అనుమానం రాలేదు. అవి మనిషిని చూసి పారిపోవు.

పదింటికి తవిటయ్య అక్క వరహాలమ్మ, భర్తతో బైక్ దిగింది. అన్నాలప్పుడు కూర నోట్లో పెట్టుకుని, "ఇది నాటుది కాదేటి మరదలా? ముక్క మెత్తగున్నాది" అంది.

"కాదొదినా. బండికోడి."

"నాటుది ఒకటున్నాదని తమ్ముడు ఫోన్లో సెప్పినాడు."

తవిటయ్య అన్నం కలుపుకుంటూ, "అది గద్దలకి కాపలా" అన్నాడు.

తరువాత తొమ్మిది రోజులకి బూడిదపెట్ట గుడ్డు పెట్టింది. పొయ్యి పక్క గుడ్లకని పెట్టిన తట్టలో కాదు, కట్టెల మోపు వెనక, ఎవరూ వెళ్లని చోట. బట్టీ నుంచి వచ్చాక కన్నమ్మ వెతికి పట్టుకుంది. గుడ్డు ఇంకా వెచ్చగా ఉందనిపించింది. లేదు, అది తన చేతి వెచ్చదనమే. బొగ్గుతో దానిమీద గుర్తుకి ఒక గీత గీసి, పొదిగించే గుడ్లు దాచే ఇసక కుండలో పెట్టి, మూత వేసింది.